ఆయన పేరు బిలాల్ కాదు: మసీదులో సంబంధాల ఫైలుతో నా అనుభవం

ఆరేళ్ళ నుంచి మా మసీదులో పెళ్ళి సంబంధాల పని నేనూ మా ఆవిడా చూస్తున్నాం. జీతం లేని పని, తిట్లు మాత్రం రెండు వైపుల నుంచీ పడతాయి. సంబంధం కావాల్సినవాళ్ళు ఆఫీసు రూములో ఫారం నింపి ఇస్తారు, మేము సరిపోతారనుకున్నవాళ్ళకి ఫోన్లు చేస్తాం, ఇష్టమంటే వలీ, అంటే అమ్మాయి తరఫు పెద్ద, ఆయన ఉండగా ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడిస్తాం, అంతే.

మేముండేది పరాయి దేశంలో. మసీదుకి అరబ్బులు వస్తారు, సోమాలీలు, నైజీరియా వాళ్ళు, టర్కీ వాళ్ళు, పాకిస్తానీలు, మన ఇండియా వాళ్ళు, కొత్తగా ఇస్లాంలోకి వచ్చినవాళ్ళు, అందరూ వస్తారు. శుక్రవారం జుమ్మా నమాజుకి సఫ్‌లో, అంటే వరుసలో, అందరూ భుజానికి భుజం ఆనించి నిలబడితే, ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళకి అది చూపించి "చూశారా, మా దాంట్లో తేడాల్లేవు" అని గొప్పగా చెప్పేవాణ్ణి. సలాం తిప్పిన, అంటే నమాజు ముగిసిన, రెండో నిమిషానికి చెప్పుల స్టాండు దగ్గర నాలుగు గుంపులు, నాలుగు భాషలు. అది కూడా కనిపించేది నాకు. కానీ అదేం తప్పు, భాష కలిసిన చోట మనిషి కాసేపు నిలబడతాడు కదా అనుకునేవాణ్ణి.

ఫజర్ అజాన్, అంటే తెల్లవారుజాము నమాజు పిలుపు, ఇచ్చే అబ్బాయి ఒకడుండేవాడు. ముప్ఫై ఒకటేళ్ళు, హాస్పిటల్ ల్యాబ్‌లో పని, అమ్మానాన్నలది ఆఫ్రికా, క్రైస్తవులు, ఇతను ఇరవై రెండో ఏట షహాదా చెప్పి ముస్లిం అయ్యాడు. గొంతు ఎలా ఉంటుందంటే, నిద్రలో ఉన్నవాడు కూడా లేచి కూర్చోవాల్సిందే. అందరూ అతన్ని బిలాల్ అనేవాళ్ళు, ప్రవక్త కాలంలో అజాన్ ఇచ్చిన నల్లజాతి సహచరుడి పేరు అది. "మాషా అల్లాహ్, మన బిలాల్ వచ్చాడు" అని భుజం తట్టేవాళ్ళు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి, చాలా ప్రేమగానే పిలిచేవాణ్ణి, అందులో నాకు అనుమానం లేదు.

ఒకరోజు జొహర్, అంటే మధ్యాహ్నం నమాజు, తర్వాత ఆఫీసు రూముకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "బ్రదర్, నా ఫారం ఇచ్చి మూడేళ్ళయింది, ఎంతమందికి పంపారో చెప్తారా?" అన్నాడు. కోపంగా ఏం అనలేదు, బస్సు ఎన్నింటికి అన్నట్టు అడిగాడు.

నాకో అలవాటుంది, ప్రతి ఫారం వెనక పెన్సిల్‌తో తేదీ వేసి ఏ ఇంటికి పంపానో, వాళ్ళేమన్నారో ఒక్క ముక్క రాసుకుంటా. ఆకుపచ్చ ప్లాస్టిక్ ఫైలు తీసి, రబ్బరు బ్యాండు విప్పి, వెతికి అతని ఫారం బయటకి తీశా. దాని పైన ఉన్న ఫారం ఒక పాకిస్తానీ ఇంజనీరుది, వెనక పక్క నిండిపోయి ఇంకో చీటీ కూడా పిన్ను కొట్టి ఉంది. ఇతని ఫారం తిప్పితే తెల్లగా ఉంది. ఒక్క గీత లేదు. ఇద్దరం ఆ తెల్ల కాగితం వంక కాసేపు చూశాం.

"వాళ్ళు వద్దన్నారా, మీరు అడగలేదా?" అన్నాడు.

నేను చెప్పింది చెప్తా, ఇప్పుడు తల్చుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. "వాళ్ళు ఎలాగూ ఒప్పుకోరు కదా, వద్దనిపించుకుని నువ్వు బాధపడటం ఎందుకని" అన్నా. నిజంగా అలాగే అనుకున్నా మూడేళ్ళూ, అతనికి మేలే చేస్తున్నాననుకున్నా.

"అంటే వాళ్ళందరి తరఫునా మీరొక్కరే వద్దన్నారన్నమాట" అని లేచాడు. తలుపు దాకా వెళ్ళి ఆగి, "ఇంకొకటి బ్రదర్, నా పేరు బిలాల్ కాదు, ఫారం మీదే రాసుంది" అని వెళ్ళిపోయాడు.

ఫారం చూశా. నిజమే, పైన మొదటి గడిలోనే ఉంది పేరు. ఆ పేరు ఇక్కడ రాయను, మూడేళ్ళు పట్టించుకోని నేను ఇప్పుడు ఊరందరికీ చెప్పడం బాగోదు. పేరు కింద ఇంకో గడి, "రంగు", అందులో ఫెయిర్, వీటిష్, డార్క్ అని మూడు, ఒకదానికి టిక్కు పెట్టాలి. ఆ ఫారం ఎవరో పెద్దలు చేసి ఇచ్చింది కాదండీ, నేనే చేశా, పెళ్ళిళ్ళ సైట్లు నాలుగు చూసి కాపీ కొట్టి కంప్యూటర్లో టైపు చేసి ప్రింట్ తీసింది నేనే. ఇస్లాంలో ఆ గడి ఎక్కడుందని ఆరేళ్ళలో నన్నెవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజులూ ఫజర్ అజాన్ ఇంకెవరో ఇచ్చారు. మూడో రోజు ఇమామ్ సాబ్ దగ్గరికి వెళ్ళి ఫైలు ఆయన ముందు పెట్టి విషయమంతా చెప్పా. ఆయన కాస్త ఓదారుస్తాడనుకున్నా. ఆయన ఫారాలన్నీ ఒక్కొక్కటీ తిప్పి వెనక పక్కే చూశాడు. సోమాలీ అబ్బాయిలవి సోమాలీ ఇళ్ళకే, అరబ్బులవి అరబ్బులకే, మనవాళ్ళవి మనవాళ్ళకే, అందులో కూడా సయ్యద్‌లవి, అంటే ప్రవక్త వంశం అని చెప్పుకునేవాళ్ళవి, సయ్యద్‌లకి. "నువ్వు సంబంధాలు చూడట్లేదు భాయ్, సార్టింగ్ చేస్తున్నావు, పోస్టాఫీసులో ఉత్తరాలు చేసినట్టు" అన్నాడు.

తర్వాత కఫాఅత్ గురించి చెప్పాడు. పెళ్ళిలో జోడీ సరితూగడం అన్నమాట, ఫిఖ్, అంటే ఇస్లాం ధర్మశాస్త్రం, పుస్తకాల్లో ఉండే లెక్క. మనవాళ్ళు ఎక్కువగా పాటించే హనఫీ సంప్రదాయం పుస్తకాల్లో వంశం కూడా చూడాలని రాశారు, ఖురైషీకి (ప్రవక్త తెగవాళ్ళు) ఖురైషీ, అరబ్బుకి అరబ్బు. ఇంకో సంప్రదాయానికి మూలమైన ఇమాం మాలిక్ మటుకు ముఖ్యంగా చూడాల్సింది దీన్, అంటే ధార్మికత, అన్నారు. నేను నిజంగా ఆశ్చర్యపోయా, ఎందుకంటే "ఇస్లాంలో జాతి తేడా లేదు, తేడాలన్నీ మన అలవాట్ల నుంచే వచ్చాయి" అని నేను ప్రతి ఒక్కరికీ చెప్పేవాణ్ణి, మరి పుస్తకాల్లోకి కూడా ఎక్కిందా ఇది! ఆయన దాచలేదు, ఆ రోజుల సమాజం పుస్తకాల్లోకి కూడా వచ్చింది అన్నాడు. అదే ఊపులో ఫాతిమా బిన్తె ఖైస్ సంగతి చెప్పాడు, సహీహ్ ముస్లిం అనే హదీసుల, అంటే ప్రవక్త మాటల, సంకలనంలో ఉంది. ఆవిడ ఖురైషీ. ముఆవియా నుంచి, అబూ జహ్మ్ నుంచి రెండు సంబంధాలు వచ్చాయని ప్రవక్త (స) దగ్గరికి వెళ్తే ఆ రెండూ వద్దని ఉసామాని చేసుకోమన్నారు. ఉసామా తండ్రి జైద్, బానిసగా ఉండి విడుదలైనవాడు, తల్లి ఉమ్మె ఐమన్ హబషా, అంటే ఇథియోపియా వైపు, దేశస్థురాలు. ఆవిడకి మొదట నచ్చలేదు. ప్రవక్త మళ్ళీ అదే మాట చెప్పారు, చేసుకుంది, తర్వాత ఆవిడే చెప్పుకుంది, అందులో అల్లాహ్ ఎంతో మేలు పెట్టాడు, నన్ను చూసి అసూయపడ్డారు అని. సంబంధాలు చూసేవాడిగా నేను అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇది, ఆరేళ్ళ తర్వాత విన్నా.

నన్ను ఏం చేయమంటారు అంటే, "ముందు విను, చేసేది తర్వాత" అని, మూడు శనివారాలు ఇషా, అంటే రాత్రి నమాజు, తర్వాత మీటింగు పెడదాం అన్నాడు. నాకు ఒకటి చాలు అనిపించింది, కొంచెం మాట్లాడుకుని దువా చేసుకుని లేస్తే అయిపోద్ది కదా అని.

మొదటి మీటింగుకి పెద్దగా ఎవరూ రాలేదు. నల్లజాతి వాళ్ళు ఇద్దరే వచ్చారు. ఎందుకంటే ఇలాంటివి ఇంతకుముందు రెండుసార్లు అయ్యాయట, ఐక్యత అని బ్యానర్ కట్టి, పిలిచి, పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీసి పంపించేశారట. అందులో ఒక ఫోటో ఇప్పటికీ మా ఆఫీసు రూము గోడ మీదే ఉంది, నేను రోజూ చూసేదే.

ఇమామ్ సాబ్ ఒక్కటే రూలు పెట్టాడు. ఎవరైనా వాళ్ళకి జరిగింది చెప్తే దానికి ఆయతుతోనో (ఖురాన్ వాక్యం) హదీసుతోనో జవాబు చెప్పకూడదు. ఇదేం రూలు అని నాక్కూడా అనిపించింది, మసీదులో కూర్చుని హదీసు చెప్పొద్దంటే ఎలా? పావుగంట కాకముందే అర్థమైంది. అలవాటు అలా ఉంది మాకు. ఒక ఆవిడ నోరు తెరవగానే వెనక నుంచి ఎవరో "సిస్టర్, ఇస్లాంలో రేసిజం లేదు, చివరి హజ్ ప్రసంగంలోనే..." అని మొదలుపెట్టేస్తారు. 632లో ప్రవక్త ఆ ప్రసంగం చేశారు, అరబ్బుకి అరబ్బు కానివాడి మీద, తెల్లవాడికి నల్లవాడి మీద దైవభీతి తప్ప ఇంకే గొప్పా లేదన్నారు, నిజమే, ఆ ఆవిడకి కూడా తెలుసు, మనకంటే బాగా తెలుసు. తలనొప్పిగా ఉంది డాక్టరుగారూ అంటే ఆరోగ్యమే మహాభాగ్యం అని చెప్పి పంపినట్టు ఉంటుంది మన జవాబు.

ఆ ఆవిడ సోమాలీ, కొడుక్కి ఎనిమిదేళ్ళు, ఆదివారం ఖురాన్ క్లాసుకి వస్తాడు. క్లాసులో పిల్లలు వాణ్ణి "అబ్ద్" అని పిలిచారట. టీచరుకి చెప్తే చిన్నపిల్లలు కదా అందట. అక్కడ కూర్చున్న అరబ్ ఆయన ఒకరు, మంచాయనే, నాకు బాగా తెలుసు, "మా వైపు నల్లవాళ్ళని అలా అనడం అలవాటమ్మా, పెద్దవాళ్ళ నోట విని ఉంటారు, చెడు ఉద్దేశంతో కాదు" అన్నాడు. అబ్ద్ అంటే దాసుడు, బానిస. ఆవిడ తల దించుకునే మాట్లాడింది. "నా కొడుకు పేరు అబ్దుల్లా. పూర్తిగా పిలిస్తే వాడికి సంతోషం. వెనక అల్లాహ్‌ని తీసేసి సగం పిలిచారు, ఇంటికొచ్చి ఏడ్చాడు."

ఎవరూ మాట్లాడలేదు. రూలు లేకపోయినా ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదేమో.

కాసేపటికి ఇంకొకరు ప్రవక్త సహచరుడు అబూ జర్ మాట ఎత్తబోతే ఇమామ్ సాబ్ చేత్తోనే ఆపి, తర్వాత బయట మాకు చెప్పాడు. అబూ జర్ ఒకతన్ని తల్లి పేరు పెట్టి కించపరిస్తే "నీలో ఇంకా జాహిలియ్యత్ (ఇస్లాంకి ముందటి అజ్ఞానం) ఉంది" అన్నారు ప్రవక్త, అది బుఖారీ హదీసుల సంకలనంలో ఉంది. ఆ ఒకతను బిలాలే అనీ, అబూ జర్ చెంప నేల మీద పెట్టి బిలాల్ కాలితో తొక్కేదాకా లేవనన్నాడనీ అందరం కన్నీళ్ళు పెట్టుకుని చెప్పుకుంటాం కానీ బుఖారీలో బిలాల్ పేరూ లేదు, ఆ చెంప మాటా లేదు. "మనకి ఆ చెంప కథ ఇష్టం ఎందుకంటే ఒక్క నిమిషంలో అయిపోతుంది" అన్నాడాయన. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

రెండో శనివారం జనం ఎక్కువ వచ్చారు, ఆవిడ మాట బయటకి పాకింది. ఆ రోజు ఒక చరిత్ర టీచరు మాట్లాడింది, నల్లజాతి అమ్మాయి, ముస్లిం అయి పదేళ్ళు. "మీరు ఎప్పుడూ బిలాల్ దగ్గర మొదలుపెట్టి బిలాల్ దగ్గరే ఆపేస్తారు, తర్వాత పద్నాలుగు వందల ఏళ్ళు ఏమైపోయాయి?" అంది. 630లో మక్కా గెలిచిన రోజు బిలాల్ కాబా మీదకెక్కి అజాన్ ఇస్తే కింద నిలబడ్డ ఖురైష్ పెద్దలు కొందరు ఏమేం మాటలన్నారో కొన్ని తఫ్సీర్లలో, అంటే ఖురాన్ వ్యాఖ్యానాల్లో, ఉంది, మా నాన్న ఇది చూడకముందే పోయాడు నయం అన్నవాడు ఒకడు, "నల్ల కాకి" అన్నవాడు ఒకడు. "ఒకరినొకరు తెలుసుకోవడానికే మిమ్మల్ని జాతులుగా, తెగలుగా చేశాం" అనే సూరా హుజురాత్ 13వ ఆయతు దాని గురించే దిగిందని కూడా కొందరు రాశారు. ఉమయ్యద్ వంశం ఖలీఫాల కాలంలో అరబ్బులు కానివాళ్ళు ముస్లింలైనా మవాలీలే, అంటే అరబ్బు తెగల నీడలో ఉండే రెండో తరగతి వాళ్ళే, చాలాచోట్ల వాళ్ళ దగ్గర ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్ను కూడా వసూలు చేశారు, 717లో ఖలీఫా అయిన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ వచ్చి ఆపమన్నాడు. 869 నుంచి 883 దాకా బస్రా దగ్గర ఉప్పు నేలలు బాగుచేసే పనిలో పెట్టిన జంజ్ బానిసలు, తూర్పు ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ళు, తిరగబడ్డారు, ఖలీఫాకి అది అణచడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. సౌదీలో బానిసత్వం రద్దయింది 1962లో, మౌరిటానియాలో 1981లో. "మా అమ్మ పుట్టిన తర్వాత" అంది ఆ అమ్మాయి. నేను ఇంట్లో ఆ సంవత్సరాలన్నీ మళ్ళీ వెతికి చూసుకున్నా.

ఎవరో అమెరికా నల్లజాతి ముస్లిం నాయకుడు మాల్కం ఎక్స్ పేరెత్తారు, 1964లో హజ్‌కి వెళ్ళి, నీలికళ్ళ తెల్లవాళ్ళతో ఒకే పళ్ళెంలో తిన్నానని ఉత్తరం రాశాడు కదా అని. ఆ అమ్మాయి నవ్వింది. "అదే హజ్‌లో ఆయన ఇంకోటి కూడా గమనించాడు, ఎవరికి వాళ్ళని వదిలేస్తే ఆఫ్రికా వాళ్ళు ఆఫ్రికా వాళ్ళతో, పాకిస్తానీలు పాకిస్తానీలతో గుంపు కడుతున్నారని. అది ఆయన ఆత్మకథలో ఉంది, మీరు ఉత్తరం దగ్గరే ఆగిపోతారు." నాకు చెప్పుల స్టాండు గుర్తొచ్చింది.

అక్కడ నేను కూడా లేచి మాట్లాడా, ప్లాన్ చేసుకుని కాదు. గల్ఫ్‌లో నాలుగేళ్ళు పనిచేశా నేను. అక్కడ నన్ను "రఫీక్" అనేవాళ్ళు, స్నేహితుడు అని అర్థం, కానీ ఆ పిలుపు ఎలా ఉంటుందంటే, ఒరేయ్ ఇటు రా అన్నట్టు. పక్కనే నిలబడి ఒకే ఇమామ్ వెనక నమాజు చదివినవాడు బయటకొచ్చాక రఫీక్ అని బ్యాగులు మోయించేవాడు. అంతకంటే ముందు సంగతి, మాది దూదేకుల ఇల్లు, ఇంట్లో తెలుగే మాట్లాడతాం, ఉర్దూ పెద్దయ్యాక నేర్చుకున్నా. మా అక్కకి వచ్చిన ఒక మంచి సంబంధం, అబ్బాయికి ఇష్టం, "ఉర్దూ రాని ముస్లింలేంటి, దూదేకుల వాళ్ళా?" అని వాళ్ళ పెద్దాయన ఒక్క మాటతో లేచిపోయాడు. మా నాన్న అప్పుడు గుమ్మం దాకా వెళ్ళి వాళ్ళకి చెప్పులు అందించాడు, మర్యాద కదా. ఆ చెప్పులు అందించడం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది. ఇంత తెలిసినవాణ్ణి, ఆ కుర్రాడి ఫారం మీద ఒక్క గీత పెట్టలేకపోయా అని చెప్పి కూర్చున్నా.

మనవాళ్ళలో ఒక పెద్దాయన, సయ్యద్ సాబ్, బాగా నొచ్చుకున్నాడు. "ఇది నల్లవాళ్ళ విషయం, ఇందులోకి మన ఇంటి గొడవలు ఎందుకు తెచ్చావు, అది వేరు ఇది వేరు" అని బయటకొచ్చాక నన్ను నిలదీశాడు. వేరేమో గానీ బాబాయ్, ఫైలు మాత్రం ఒకటే అన్నా. ఆ తర్వాత నెల రోజులు సలాంకి జవాబు నోట్లోనే గొణిగేవాడు.

మూడో శనివారం ఫారం మీద కూర్చున్నాం, అది కొట్లాటే అయింది. రంగు గడి తీసేద్దామంటే ఎవరూ అడ్డు చెప్పలేదు, పైకి అడ్డు చెప్పడానికి మొహం చెల్లదు కదా. దేశం గడి దగ్గర మొదలైంది. ఇష్టాయిష్టాలు ఉండకూడదా, అత్తగారితో మాట్లాడాలంటే భాష ఉండొద్దా అని అడిగింది ఎవరో కాదు, నైజీరియా ఆవిడే. అది నిజమే, నాకూ ఆ మాట సబబే అనిపించింది. భాష చూసుకుని వద్దనుకోవడం వేరు, మొహం చూసి ఫారమే తెరవకపోవడం వేరు, కానీ ఎక్కడ మొదటిది ఆగి రెండోది మొదలవుతుందో కాగితం మీద ఎలా రాస్తాం? చివరికి ఒకటి కుదిరింది. మొదట పంపే కాగితంలో వయసు, చదువు, ఉద్యోగం, నమాజు, ఏ భాషలు వచ్చు, ఎలాంటి జీవితం కావాలనుకుంటున్నారు, ఇవే. ఫోటో, దేశం, ఇంటి వివరాలు రెండో కాగితంలో, ఇద్దరూ మాట్లాడతాం అన్నాకే. ఇంకోటి మా ఆవిడ పట్టుబట్టి పెట్టించింది, అమ్మాయిల ఫారం వాళ్ళ నాన్నకి కాదు, ముందు అమ్మాయికే ఇవ్వాలి. ఆరేళ్ళలో నేను ఒక్క అమ్మాయితో కూడా నేరుగా అడిగించలేదని అప్పుడు తెలిసింది నాకు, నేను తండ్రులతోనే మాట్లాడేవాణ్ణి, వాళ్ళు చెప్పిందే పిల్ల మాట అనుకునేవాణ్ణి. నిఖాలో పిల్ల ఒప్పుకోలు లేకుండా ఏదీ చెల్లదని నేనే అందరికీ చెప్తుంటా మళ్ళీ.

రెండు కుటుంబాలు ఫారాలు వెనక్కి తీసుకెళ్ళిపోయాయి. "మీరు మా పిల్లల జీవితాలతో ప్రయోగాలు చేస్తున్నారు" అని ఒకాయన మెసేజ్ పెట్టాడు. అమ్మాయిల్లో కొందరు మాత్రం, ఇలా ముందే అడిగితే ఏం పోయింది అంకుల్ అన్నారు.

అప్పటికి ఆ అబ్బాయి మసీదుకి రావడం మానేశాడు, ఊరవతల ఇంకో మసీదుకి వెళ్తున్నాడని తెలిసింది. నేనే వెళ్ళా. పార్కింగులో నిలబడి అతని పేరు పెట్టి పిలిచా, మొదటిసారి సరిగ్గా పలకలేదు, దిద్దాడు, మళ్ళీ పలికా. క్షమాపణ అడిగా. అతను సరే అనలేదు, కాదనలేదు, కొత్త ఫారం మాత్రం తీసుకుని కారు బానెట్ మీద పెట్టి అక్కడే నింపి ఇచ్చాడు.

మనవాళ్ళ అమ్మాయి ఒకరికి మొదటి కాగితం నచ్చింది. రెండో కాగితం చూశాక కూడా మాట్లాడతానంది. మా ఇంట్లో, మా ఆవిడ ముందు, రెండుసార్లు మాట్లాడుకున్నారు. వాళ్ళ నాన్న నా పక్కనే సఫ్‌లో నిలబడేవాడు, స్నేహితుడు. ఆయన మూడుసార్లు మా ఇంటికొచ్చి కూర్చున్నాడు, అబ్బాయి మీద ఒక్క వంక కూడా దొరకలేదు ఆయనకి, ఉద్యోగం బాగుంది, దీన్ ఉంది, నవ్వుతూ మాట్లాడతాడు. మూడోసారి వెళ్ళబోతూ "పుట్టే పిల్లలు ఎలా ఉంటారోనని" అని ఆగిపోయాడు. నేను ఏదో ఒకటి చెప్పాలి కదా, చెప్పలేకపోయా, ఎందుకంటే అదే ఆలోచన ఫారం పంపేటప్పుడు నాకు కూడా ఒక్క క్షణం వచ్చి పోయింది. కుదరలేదు. మన హనఫీ లెక్కలో నాన్న ఒప్పుకోకపోయినా చేసుకునే హక్కు నీకుంది, మీ నాన్నతో నేను మాట్లాడతాను అని ఇమామ్ సాబ్ చెప్పినా ఆ అమ్మాయి వద్దంది, నాన్నతో పోట్లాడి వెళ్ళే ఓపిక లేదు అంకుల్ అని. ఆమెని ఏమనగలం.

అతనికి ఫోన్ చేసి చెప్తే "పర్లేదు బ్రదర్, ఈసారి వాళ్ళే వద్దన్నారు" అన్నాడు. ఆ ఫారం వెనక పెన్సిల్‌తో తేదీ వేసి ఒక గీత రాశా. తర్వాత ఏడెనిమిది నెలలకి ఆ ఇంకో మసీదు ద్వారానే అతనికి పెళ్ళి కుదిరింది, నన్ను పిలిచాడు. నిఖాలో ఖాజీ వరుడి పూర్తి పేరు చదివినప్పుడు విన్నా, తండ్రి పేరుతో సహా. ఫజర్ అజాన్ ఇప్పుడు మా దగ్గర వంతులవారీగా ఇస్తున్నారు, అతను మాత్రం మా దగ్గరికి తిరిగి రాలేదు.

పాత ఫారాలన్నీ కొత్తవాటిలోకి ఎక్కించే పని నేనూ మా ఆవిడా ఒక రాత్రి కూర్చుని చేశాం. నేను పేర్లు చదువుతుంటే ఆవిడ నంబర్లు వేస్తోంది. అమ్మాయిలవి అయిపోయాయి అన్నా. ఆవిడ పెన్ను ఆపి "ఒకటి తక్కువుంది" అంది. మళ్ళీ లెక్కపెట్టా, సరిపోయింది. "ఎవరిది తక్కువ?" అంటే "మన పిల్లది" అంది.

మా అమ్మాయికి ఇరవై ఆరు. రెండేళ్ళుగా సంబంధాలు చూస్తున్నాం, కానీ ఈ ఫైలులో కాదు, బంధువుల ద్వారా, ఫోన్లలో, తెలిసినవాళ్ళని అడిగి. ఫైలులో ఎందుకు పెట్టలేదని నన్ను నేను ఎప్పుడూ అడగలేదు, పెట్టకూడదని కూడా అనుకోలేదు, అసలు ఆ ఆలోచనే రాలేదు. ఊళ్ళో అందరి పిల్లల ఫారాలూ నా చేతిలో ఉన్నాయి, నా పిల్లది లేదు. మా ఆవిడ ఇంకేం అనలేదు, ఖాళీ ఫారం ఒకటి తీసి టేబుల్ మీద పెట్టి పడుకోవడానికి వెళ్ళిపోయింది.

తెల్లారి అమ్మాయి అది నింపి ఆఫీసుకి వెళ్తూ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టింది. ఎలాంటివాడు కావాలి అన్నచోట నాలుగు గీతల జాగా ఉంటే ఒక్క ముక్క రాసింది, "ఫజర్‌కి లేపక్కర్లేకుండా లేవాలి". నేను నవ్వా, ఎందుకంటే దాన్ని లేపడానికే మాకు రోజూ ఇరవై నిమిషాలు పడుతుంది.

ఆ ఫారం కూడా మిగతా అందరివిలాగే పంపించా, నంబరు వేసి, వరుసలో వచ్చినవాళ్ళకి. రెండు ఇళ్ళు వద్దన్నాయి. మూడోది నైజీరియా వాళ్ళు, అబ్బాయి చార్టర్డ్ అకౌంటెంట్, రెండో కాగితం కూడా మా అమ్మాయి చదివింది, మాట్లాడతానంది. ఫారం వెనక పెన్సిల్‌తో తేదీ వేశా. ఆదివారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత అబ్బాయీ వాళ్ళమ్మగారూ కలిసి వస్తామన్నారు. మా అమ్మకి ఇంకా చెప్పలేదు.